టెక్ సందేహాలు: ట్రాక్ కారుకు ప్లాస్టిక్ కిటికీలు

ప్రశ్న: పాత హ్యాచ్‌బ్యాక్ ఒకటి రేసు ట్రాక్ మీద మాత్రమే నడపడానికి సిద్ధం చేసుకుంటున్నాను. బరువు తగ్గించడానికి అద్దాలన్నీ తీసేసి ప్లాస్టిక్ షీట్లు బిగిద్దామనుకుంటున్నాను. నేమ్‌బోర్డులు చేసే దుకాణంలో 3 మిల్లీమీటర్ల పారదర్శక షీటు చవకగా ఇస్తామంటున్నారు. కొనవచ్చా? బిగించేటప్పుడు ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి? (విజయనగరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ షీటు ఏమిటో ముందు తేల్చుకోండి. నేమ్‌బోర్డులకు ఎక్కువగా వాడేది యాక్రిలిక్. చూడటానికి అది పాలీకార్బొనేట్ (సులువుగా పగలని ప్లాస్టిక్) లాగే ఉంటుంది, బరువులోనూ పెద్ద తేడా లేదు. కానీ గట్టి దెబ్బ తగిలితే పదునైన ముక్కలుగా పగులుతుంది కాబట్టి మనిషి కూర్చునే చోట దానికి తావివ్వకూడదు. మీకు కావలసింది పాలీకార్బొనేట్, అందులోనూ గీతలను తట్టుకునే గట్టి పూతతో పాటు అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ ఉన్న రకం. సందేహం ఉంటే రెండు వేళ్ల వెడల్పు ముక్కను అడిగి తెచ్చుకుని, రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, వైస్‌లో (వస్తువును కదలకుండా పట్టే పనిముట్టు) బిగించి వంచి చూడండి. యాక్రిలిక్ అయితే పుటుక్కున విరుగుతుంది, పాలీకార్బొనేట్ అయితే రేకులా మడత పడుతుంది. షెడ్డు పైకప్పులకు వాడే బోలు గదుల షీటు కూడా పాలీకార్బొనేటే, కానీ దాని గుండా స్పష్టంగా కనిపించదు.

4 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు సుమారు 10 కిలోలు తూగితే, 3 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ 3.6 కిలోలే ఉంటుంది. తగ్గే బరువంతా కారు పై భాగంలోనిది కాబట్టి మలుపుల్లో దాని ప్రయోజనం అంకెకు మించి ఉంటుంది. తలుపుల్లోని అద్దం ఎత్తే యంత్రాంగాన్ని, మోటారును కూడా తీసేస్తే మరికొన్ని కిలోలు తగ్గుతాయి. అయితే ‘అద్దాలన్నీ’ అన్న మీ మాటతో నేను ఏకీభవించను. కారు ముందు వైపు అద్దాన్ని లామినేటెడ్ గాజుగానే (రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది) ఉంచండి. వైపర్ కింద ఇసుక రేణువు చిక్కితే ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి, సాయంత్రం ఎదురెండలో ఆ గీతలన్నీ మెరిసి దారి కనిపించదు. పక్క కిటికీలకు 3 మిల్లీమీటర్లు సరిపోతాయి; వెనుక అద్దం పెద్దది కాబట్టి 4 తీసుకుని, లోపలి వైపు రెండు అల్యూమినియం పట్టీలు ఆనించండి. గంటకు 150 కిలోమీటర్ల వేగంలో గాలి పీడనం చదరపు మీటరుకు 100 కిలోల బరువుకు సమానమవుతుంది. అందులో కొంత భాగం లాగినా పలుచని షీటు బయటికి ఉబ్బుతుంది.

బిగింపులోనే అసలు పని ఉంది. పాలీకార్బొనేట్ వేడికి ఉక్కు కంటే అయిదారు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. ఉదయం 25 డిగ్రీల్లో బిగించిన మీటరు పొడవు షీటు, మన మే నెల ఎండలో మూసి ఉంచిన కారులో 60 డిగ్రీలకు చేరితే, దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. చుట్టూ ఉన్న ఉక్కు చట్రం అర మిల్లీమీటరు కూడా సాగదు. ఆ సాగుదలకు చోటివ్వకపోతే షీటు వంకర తిరుగుతుంది, లేదా రంధ్రం అంచు దగ్గర నెర్రె పుట్టి లోపలికి పాకుతుంది. అందుకే 5 మిల్లీమీటర్ల బోల్టుకు 8 మిల్లీమీటర్ల రంధ్రం చేయాలి, రంధ్రం మధ్యభాగం అంచుకు కనీసం 16 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, చట్రానికీ షీటుకూ మధ్య చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. పాత అద్దాన్ని అట్టముక్క మీద పెట్టి గీసుకుంటే కొలత చక్కగా వస్తుంది. రక్షణ పొర తీయకుండానే సన్న పళ్ల జిగ్‌సాతో కోసి, కింద చెక్క ఆనించి నెమ్మదిగా డ్రిల్ చేసి, అంచులను సన్న ఎమరీ కాగితంతో నునుపు చేయండి. తల ఏటవాలుగా ఉండే స్క్రూలు రంధ్రాన్ని చీలుస్తాయి కాబట్టి వాటిని వాడకండి. వెడల్పాటి వాషరు కింద ఈపీడీఎం రబ్బరు (ఎండావానలకు తట్టుకునే కృత్రిమ రబ్బరు) వేయండి. పీవీసీ వాషర్ల నుంచి ఊరే రసాయనం షీటును బలహీనపరుస్తుంది. నట్లు వదులు కాకుండా మరలకు పూసే ద్రవాలతోనూ అదే ప్రమాదం, అందుకే నైలాక్ నట్లు (లోపల నైలాన్ వలయం ఉండి వదులు కానివి) మేలు. రబ్బరు కొద్దిగా నొక్కుకోగానే బిగింపు ఆపేయాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. అత్యవసరంలో తలుపు అద్దాన్ని సుత్తితో పగలగొట్టి మనిషిని బయటికి తీయవచ్చు. పాలీకార్బొనేట్ సుత్తికి లొంగదు. రెండు తలుపులూ లోపలి నుంచీ బయటి నుంచీ తేలికగా తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే డ్రైవరు పక్క కిటికీ మార్చండి. పోటీ నిర్వాహకుల నిబంధనలు కూడా ముందే చదవండి. రోడ్డు మీద తిరిగే కార్లకు కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం కిటికీలకు ప్రమాణాలకు తగిన భద్రతా అద్దం లేదా సేఫ్టీ గ్లేజింగ్ (లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం) మాత్రమే ఉండాలి కాబట్టి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు ఈ కారును ట్రైలర్ మీదే తీసుకువెళ్లండి.

ప్రశ్న: నా కారుకు బిగించిన పాలీకార్బొనేట్ కిటికీలు రెండు నెలలకే మసకబారాయి. ఇంట్లో అద్దాలు తుడిచే ద్రవమే వాడుతున్నాను. (శ్రీకాకుళం నుంచి మరో పాఠకుడు)

జవాబు: ఆ ద్రవాల్లో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది, అది పాలీకార్బొనేట్‌ను దెబ్బతీస్తుంది. పెట్రోలు, థిన్నర్, అసిటోన్ అంతకంటే ప్రమాదకరం. ముందు ధారగా నీళ్లు పోసి ఎర్రదుమ్మును కడిగేయండి, తర్వాత గోరువెచ్చని సబ్బునీటితో, మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. పొడిగుడ్డతో దుమ్ము దులపకండి. మసక పైపైన ఉంటే ప్లాస్టిక్ పాలిష్‌తో కొంత పోతుంది, కానీ గట్టి పూత ఉన్న షీటును రుద్దితే ఆ పూతే పోతుంది. వేలిగోరుతో తడిమి, బోల్టుల చుట్టూ సన్నని నెర్రెలు కనిపిస్తే మాత్రం పాలిష్‌తో కాలం గడపకుండా ఆ షీటును మార్చేయండి.