ఏకే చవకైతే అన్యాయమా?

ప్రశ్న: కౌంటర్-స్ట్రైక్ 2 అనే కంప్యూటర్ తుపాకుల ఆటలో టెర్రరిస్టుల జట్టుకు ఏకే-47 తుపాకీ 2700 డాలర్లకే (ఆటలోని డబ్బు) దొరుకుతుంది. అవతలి జట్టువారు ఎం4ఏ1-ఎస్ (ఎం4) తుపాకీకి 2900 పెట్టాలి. హెల్మెట్ ఉన్నవాణ్ణి సైతం ఏకే ఒక్క హెడ్‌షాట్‌తో పడగొడుతుంది, ఎం4 పడగొట్టలేదు. ఇది అన్యాయం కాదా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: లెక్క మీరు చెప్పినట్లే ఉంది. దగ్గరి నుంచి కాల్చినప్పుడు ఏకే తూటా హెల్మెట్ ఉన్న తలకు 111 మేర నష్టం చేస్తుంది, ఎం4 తూటా 92 దగ్గర ఆగుతుంది. ఆటగాడి ప్రాణం 100. అయితే తుపాకుల సమతూకాన్ని ఈ ఒక్క అంకెతో కొలవకూడదు. బాంబు పెట్టడానికి తెలియని మూలల్లోకి చొచ్చుకుపోవలసింది టెర్రరిస్టులు, గోడ చాటున గురిపెట్టి కాచుకుని కూర్చునేది రెండో జట్టు. ఆ లోటును ఏకే కొంత పూడుస్తుంది. పైగా దాని రీకాయిల్ (కాల్చినప్పుడు తుపాకీ ఎగదన్నే కుదుపు) మొరటుది, ఎం4 చేతికి చాలా మెత్తగా లొంగుతుంది. పోటీ మ్యాచ్‌లో 12 రౌండ్ల తరువాత జట్లు వైపులు మార్చుకుంటాయి కనుక ఏకే లాభం ఇద్దరికీ అందుతుంది. ఎదుట అందరి చేతుల్లోనూ ఏకేలే ఉన్నప్పుడు హెల్మెట్ కొన్నా పెద్దగా ఫలితం ఉండదని, అనుభవజ్ఞులు చాలామంది 650 డాలర్ల కవచంతో సరిపెట్టుకుని హెల్మెట్‌కయ్యే 350 దాచుకుంటారు.

ధర ఎంత పని చేస్తుందో తెలియాలంటే ఈ ఆటకు ముందున్న సీఎస్: గోలోని ఎస్‌జీ 553 తుపాకీని చూడాలి. గురి అద్దం ఉన్న ఈ తుపాకీని ఏళ్ల తరబడి ఎవరూ పెద్దగా ముట్టుకోలేదు. 2018 అక్టోబరులో దాని ధరను 3000 నుంచి 2750 డాలర్లకు దించగానే కాకపోయినా, క్రమంగా పెద్ద పోటీల్లో సైతం ఏకేను పక్కన పెట్టి దీన్నే కొనడం మొదలుపెట్టారు. తరువాత ధరను మళ్లీ పెంచినా మోజు తగ్గలేదు. చివరకు 2020 ఏప్రిల్‌లో నిమిషానికి 666 తూటాల వేగాన్ని 545కు కోయవలసి వచ్చింది. తుపాకీ బలం ముందు నుంచీ ఉన్నదే, చవక కావడంతో జనం దాన్ని చేతపట్టి చూశారు, అంతే.

ప్రశ్న: గురి తలపైనే ఉంటుంది, మొదటి తూటా మాత్రం పక్కకు పోతుంది. ఆపకుండా కాలిస్తే అన్నీ పైకే లేస్తాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది చేతిలో లేదు, కాళ్లలో ఉంది. నడుస్తూ కాల్చిన తూటా గురి తప్పుతుంది, కాబట్టి కుడివైపుకు కీబోర్డు మీది డి (D) మీటతో కదులుతున్నప్పుడు దాన్ని వదిలి, ఎడమవైపుకు కదిలించే ‘ఏ’ (A) మీటను క్షణకాలం నొక్కితే పాత్ర వెంటనే నిలబడుతుంది, కాల్చవలసింది అప్పుడే. వేగం పూర్తి పరుగులో మూడో వంతుకు దిగినా తూటా దాదాపు నిలబడి కాల్చినంత సూటిగా వెళుతుంది. నాకు ఈ అలవాటు రావడానికి కొన్ని నెలలు పట్టింది, ఇప్పటికీ కంగారులో మరిచిపోతుంటాను.

రెండోది స్ప్రే, అంటే ఆపకుండా వరుసగా కాల్చడం. ఏకే తూటాలు మొదట నిటారుగా పైకి, తరువాత పక్కలకు పోతాయి. కొద్దిపాటి చెదురును మినహాయిస్తే ఈ దారి ప్రతిసారీ ఒక్కటే. అందువల్ల గోడపై కాల్చి గుర్తులు చూసుకుంటూ, మౌస్‌ను దానికి ఎదురు దిశలో కిందికి లాగడం నేర్చుకోవచ్చు. మొత్తం 30 తూటాల దారినీ బట్టీ పట్టనక్కర్లేదు, మొదటి పది చేతికి వస్తే చాలావరకు పని జరుగుతుంది. దూరంగా ఉన్నవాడిపై మాత్రం స్ప్రే జోలికి పోకండి: ఒక్కొక్కటిగానో, రెండు మూడు చొప్పునో కాల్చి, తుపాకీ కుదురుకున్నాక మళ్లీ కాల్చండి.