జెండాలు సరిగ్గానే ఉన్నా అందరూ ముందే ఆగిపోతున్నారంటే, తప్పు ప్రింటులో ఉంది

శనివారం ఓరియంటీరింగ్ (మ్యాప్, దిక్సూచితో దారి వెతుక్కునే పోటీ) ట్రయల్‌లో అందరూ కంట్రోల్‌కి (జెండా పెట్టిన చోటుకి) యాభై అరవై మీటర్ల ముందే ఆగి వెతికారని రాశారు కదండీ. జెండాలు కదపకండి, ముందు స్కేలు పెట్టి మ్యాప్ కొలవండి. 1:10,000 మ్యాప్‌లో పక్కపక్క ఉత్తర రేఖల (ఉత్తర దిక్కు చూపే గీతల) మధ్య సరిగ్గా 30 మి.మీ. ఉండాలి, అంటే నేల మీద 300 మీటర్లు. మీకు 28.2 వస్తే ప్రింటర్ 94 శాతానికి కుదించిందన్నమాట. అప్పుడు కిలోమీటరు లెగ్ (ఒక కంట్రోల్ నుంచి తర్వాతి కంట్రోల్ దాకా ఉండే దూరం) కాగితం మీద 9.4 సెం.మీ.కే వస్తుంది, మ్యాప్ మీద దూరం కొలిచి అడుగులు లెక్కపెట్టేవాళ్లు 940 మీటర్ల దగ్గరే ఆగుతారు. దిక్సూచి మాత్రం సరిగ్గానే చూపిస్తుంది, అందుకే ఈ తప్పు ఓ పట్టాన దొరకదు.

ప్రింట్ సెట్టింగ్‌లో 'ఫిట్ టు పేజ్' తీసేసి 'యాక్చువల్ సైజ్' పెట్టండి. అంచులు తెగకుండా చుట్టూ సెంటీమీటరు ఖాళీ వదలండి. జిరాక్స్ షాపులో ఇచ్చినా సరే, మొదటి కాపీ కొలిచాకే మిగతావి తీయించండి.