తోలేవాడు చోదకుడైతే ప్రొపెల్లర్ ఏమిటి?

సందేహం: ‘ప్రొపెల్’ అనే ఇంగ్లిష్ క్రియకు మా అబ్బాయి నిఘంటువులో ‘ముందుకు తోయు, చోదించు’ అని ఉంది. డ్రైవర్‌నేమో పత్రికలు వాహన చోదకుడంటున్నాయి. మరి పడవ ప్రొపెల్లర్‌ని ఏమనాలి? గాయత్రిలోని ‘ప్రచోదయాత్’కీ ‘ప్రొపెల్’కీ చుట్టరికం ఉందని మా మాస్టారు అంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మీ మాస్టారికి సగం మార్కులు వెయ్యొచ్చు. ‘ప్రొపెల్’కు మూలం లాటిన్ ‘ప్రొపెల్లెరె’. ‘ప్రో’ అంటే ముందుకు, ‘పెల్లెరె’ అంటే నెట్టడం, తోలడం. ఈ ‘ప్రో’, ప్రగతిలోనూ ప్రస్థానంలోనూ ఉన్న మన ‘ప్ర’ ఒకే మూలం నుంచి వచ్చినవి. మిగతా సగమే కలవదు. ‘ప్రచోదయాత్’లో ఉన్నది పురికొల్పడమనే అర్థమున్న ‘చుద్’ ధాతువు, ‘పెల్లెరె’తో దానికి సంబంధం లేదు. మాటల కట్టుబడి ఒకటే, అర్థమూ దగ్గరే, రక్తసంబంధం మాత్రం ఉపసర్గ వరకే.

ఈ ‘చుద్’ సంతానం చిత్రమైనది. ‘ఇది చెయ్యి’ అని పురికొల్పే వేదవాక్యాన్ని, వేదార్థాన్ని విచారించే మీమాంసకులు ‘చోదన’ అన్నారు. మనం నోరెళ్లబెట్టి చూసే ‘చోద్యం’ కూడా ఈ ధాతువు బిడ్డే.

పెల్లెరె సంతానమూ తక్కువది కాదు. బయటికి నెడితే ఎక్స్‌పెల్, బలవంతాన నెడితే కంపెల్, వెనక్కి నెడితే రిపెల్. దోమల రిపెల్లెంట్ సంగతి బెజవాడ కాలువగట్ల మీద ఉండేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చేతినాడి ‘పల్స్’, తలుపు మీది ‘పుష్’ కూడా ఆ ఇంటివే.

ఇంగ్లిష్‌లోకి 15వ శతాబ్దంలో వచ్చినప్పుడు ‘ప్రొపెల్’కు అర్థం వెళ్లగొట్టడం. ముందుకు నడిపించడమనే అర్థం 17వ శతాబ్దం నడుమ స్థిరపడింది. ఇది చదివితే నాకు మన ‘తోలు’ గుర్తొస్తుంది. కాకుల్ని తోలతాం, బండీ తోలతాం. మొదటిది పొమ్మనడం, రెండోది పద పదమనడం. బేరాల్లేని కొట్టువాడు ఈగలు తోలుకుంటాడు, పక్కవీధిలో ఇల్లు కట్టేవాడు మట్టి తోలిస్తాడు. ‘ప్రొపెల్’ మొదటి అర్థం నుంచి రెండోదానికి జరిగిపోయింది, ‘తోలు’ రెంటినీ ఉంచుకుంది. ఇంత పనిమంతురాలైన క్రియను మోటుదని పత్రికలు పక్కన పెట్టడం నాకు నచ్చదు.

ఇక ప్రొపెల్లర్. డ్రైవర్‌ని చోదకుడనడం తప్పు కాదు. ఎడ్లను అదిలించి నడిపినవాడికి ఆ మాట అతికినట్టు సరిపోతుంది. ఇప్పుడు తోసే పని ఇంజనుది, డ్రైవరు చేతిలో ఉన్నది అదుపు. 2024 నవంబరు 9న బెజవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ఎగిరిన సీప్లేన్‌నే చూడండి. నడిపింది పైలట్, గాలిని వెనక్కి నెట్టి విమానాన్ని ముందుకు లాగింది రెక్కల ముందున్న రెండు ప్రొపెల్లర్లు. ఇద్దరికీ ‘చోదక’ తగిలిస్తే చదివేవాడికి తికమకే. ప్రొపెల్లర్‌ని ప్రొపెల్లర్ అనండి, జనానికి తెలిసిన మాటే.

‘చోదకం’ అవసరమయ్యే చోటు మరొకటుంది. శ్రీహరికోట వార్తల్లో ‘ప్రొపెల్లెంట్’ని ఇంధనం అని రాసేస్తుంటారు. రాకెట్టుకు పైన గాలి దొరకదు కాబట్టి, మండేదాన్నే కాక మండించే ఆక్సిడైజర్‌నీ వెంట మోసుకెళ్లాలి. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో ఈ రెండూ కలిసిన ఘనపదార్థమే సుమారు 138 టన్నులుంటుంది. ఇంధనమంటే అందులో ఒక భాగమే, మొత్తానికి ‘చోదకం’ సరైన మాట.

మీ అబ్బాయి పరీక్షలో ‘ప్రొపెల్’కు అర్థం అడిగితే ‘ముందుకు నడిపించు’ అని రాయమనండి. ‘ముందుకు తోలు’ అని రాసినా నేనైతే మార్కులు వేస్తాను.