ఫొటోలు బాగున్నాయి, పేజీలే కుదరడం లేదు

ప్రశ్న: చెక్క పడవలు తయారుచేసే ఒక వడ్రంగి గురించి ఫొటో కథనం చేస్తున్నాను. నలభై ఫొటోలు ఉన్నాయి, పేజీలు ఎనిమిది. పేజీలు సర్దే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ నేర్చుకున్నాను కానీ ఎలా సర్దినా ఆల్బమ్‌లాగే కనిపిస్తోంది. కవర్ మీదేమో అక్షరాలు ఎక్కడ పెట్టినా ఫొటో పాడవుతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– ఒక పాఠకురాలు

జవాబు: కొన్నాళ్లు ఇన్‌డిజైన్ జోలికి వెళ్లకండి. నలభై ఫొటోలూ అరచేతి సైజులో ప్రింట్ తీసి నేల మీద పరవండి. ఒకే ముఖం పదిసార్లు వచ్చిందని, పనిచేసే చేతులు మాత్రం ఒక్క ఫొటోలోనే ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. ఎనిమిది పేజీలకు పది, పన్నెండు ఫొటోలు చాలు. తీసేయడం కష్టమే, ఒక్కో ఫొటో కోసం మీరు ఎంతసేపు ఎదురుచూశారో మీకు గుర్తుంటుంది కదా! అందుకే మీతో అక్కడికి రానివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎంచండి.

ఆల్బమ్‌లా కనిపించడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఫొటోలన్నీ ఒకే సైజులో ఉండటం. ప్రతి స్ప్రెడ్‌లో, అంటే పక్కపక్కనే తెరుచుకునే రెండు పేజీల్లో, ఒకటి పెద్దదై ఉండాలి, మిగతావి దానికి తోడుగా నిలబడాలి. ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ అమెరికాలో ఒక పల్లెటూరి డాక్టరు వెంట తిరిగి తీసిన ఫొటో కథనం 1948లో లైఫ్ పత్రికలో వచ్చింది. వెతికి చూడండి. సంచి పట్టుకుని నడిచి వెళ్తున్న డాక్టరుతో అది మొదలవుతుంది. ఆపరేషన్ ముగిశాక వంటగదిలో కాఫీ కప్పుతో అలసిపోయి నిలబడ్డ ఆయన దగ్గర ఆగుతుంది. ఆ రెండింటి మధ్య ఒక మనిషి పని ఎంత బరువైనదో మనకు తెలిసిపోతుంది. మీ వడ్రంగికి కూడా అలాంటి మొదలు, చివర ముందు వెతకండి.

తర్వాత డమ్మీ, అంటే చేత్తో చేసుకునే నమూనా ప్రతి. రెండు కాగితాలు మధ్యకు మడిచి ఒకదానిలో ఒకటి పెడితే ఎనిమిది పేజీలు. చిన్న ప్రింట్లు అందులో అంటించి తిప్పి చూడండి. మడత ఎక్కడ పడుతుందో చేతికి తెలియాలి. నేను లేఅవుట్ చేసిన మొదటి కథనంలో ఒక పెద్దాయన ఫొటోను రెండు పేజీలకూ పరిచాను. స్క్రీన్ మీద ఎంతో బాగుంది. అచ్చయ్యాక ఆయన ముక్కు, ఒక కన్ను మడతలోకి వెళ్లిపోయాయి. ఆయన ఆ పేజీని రెండు చేతులతో విప్పదీసి తన ముఖం కోసం చూసుకోవడం నాకింకా గుర్తుంది. ఆ రోజు నుంచి మడత మీద ముఖం పడనివ్వలేదు. ఇంకో సంగతి. పిన్నులు కొట్టే పత్రికలో సరిగ్గా మధ్యలో తెరుచుకునే సెంటర్ స్ప్రెడ్ ఒక్కటే ఒకే కాగితం. మిగతా చోట్ల ఎడమ, కుడి పేజీలు వేర్వేరు కాగితాలు కాబట్టి ఫొటో కాస్త అటూ ఇటూ జరగొచ్చు.

ఇక కవర్. చక్కటి ఫొటోలన్నీ కవర్‌కు పనికిరావు. పైన మాస్ట్‌హెడ్‌కు (పత్రిక పేరుకు), పక్కన ఒకటి రెండు శీర్షికలకు ఆకాశమో, గోడో, చీకటో ఖాళీగా ఉండాలి. కాబట్టి తీసేటప్పుడే నిలువుగా, చోటు వదిలి కొన్ని తీసుకోండి. 1982 ఫిబ్రవరి నేషనల్ జియోగ్రాఫిక్ కవర్ కోసం అడ్డంగా ఉన్న గీజా పిరమిడ్ల ఫొటోను నిలువులో పట్టించడానికి కంప్యూటర్‌లో పిరమిడ్లను దగ్గరికి జరిపారు. దానిపై పెద్ద విమర్శ వచ్చింది. ఫొటో కుదరకపోతే వేరే ఫొటో పెట్టండి, ఉన్నదాన్ని మాత్రం జరపకండి.

కొలతలంటే టెన్షన్ వద్దు. ఏ4 నిండు పేజీకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 2480 x 3508 పిక్సెల్స్ కావాలి, బ్లీడ్‌కు, అంటే అంచులు కత్తిరించేటప్పుడు పోయే భాగానికి, నాలుగు వైపులా మరో 3 మిల్లీమీటర్లు కలపండి.

డమ్మీ పూర్తయ్యాక ముందు ఆ వడ్రంగికే ఇవ్వండి. ఏ పేజీ దగ్గర ఆగుతారో చూసి, అప్పుడు ఇన్‌డిజైన్ తెరవండి.