ఆ ఇరవై రెండు మందిని వెతికేదెలా?

పూర్వ విద్యార్థుల సంఘాల జాబితాలు చూసుకునేవాళ్లు ఈ నెల పంపిన ప్రశ్నలివి.

ప్రశ్న: మాది 1988 టెన్త్ బ్యాచ్, సికింద్రాబాద్‌లో స్కూలు. 64 మందిలో 42 మంది వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. మిగతా 22 మందికి పాత అడ్రసులకు స్పీడ్ పోస్టు చేస్తే చాలా కవర్లు వెనక్కి వచ్చాయి. ఇక ఎక్కడ వెతకాలి? (ఒక పాఠకుడు, మల్కాజిగిరి)

జవాబు: ముందు ఆ 64 ఎక్కడి లెక్కో చూడండి. గ్రూప్ ఫోటోలో తలలు లెక్కపెట్టినదైతే నమ్మొద్దు, ఆ రోజు బడికి రానివాళ్లు ఉంటారు. తొమ్మిదిలోనే టీసీ తీసుకుని వెళ్లిపోయినవాళ్లు, మధ్యలో చేరినవాళ్లు స్కూలు అడ్మిషన్ రిజిస్టరులోనే కనిపిస్తారు. సంఘం లెటర్‌హెడ్ మీద హెడ్మాస్టరుకు రాసిచ్చి, ఆఫీసులోనే కూర్చుని చూసుకుంటామని అడగండి. ఫోటోలు తీసుకోవడానికి ఒప్పుకోకపోవచ్చు, నోట్‌బుక్కు తీసుకెళ్లండి. తండ్రి పేరు, అప్పటి ఇంటి అడ్రసు, టీసీ ఇచ్చిన తేదీ రాసుకోండి. తండ్రి ఉద్యోగం ఉంటే అదీ వదలొద్దు. సికింద్రాబాద్ స్కూళ్లలో రైల్వే వాళ్ల పిల్లలు చాలామంది. లాలాగూడ క్వార్టర్స్ అడ్రసుకు ఇప్పుడు ఉత్తరం వేసి లాభం లేదు, రిటైరైన నాడే ఖాళీ చేసి ఉంటారు. అదే డిపార్టుమెంటులో పనిచేసిన పెద్దాయన ఒక్కరు దొరికితే మాత్రం ఆ కుటుంబం ఎక్కడ స్థిరపడిందో చెప్పేస్తారు.

తిరిగొచ్చిన కవర్లు పారేయలేదు కదా? పోస్ట్‌మ్యాన్ రాసిన మాట చదవండి. ‘లెఫ్ట్’ అంటే ఇల్లు మారారని, ఆ అడ్రసుకు మళ్లీ వేయొద్దు. ‘డోర్ లాక్డ్’ అంటే మనిషి అక్కడే ఉండొచ్చు, ఓ ఆదివారం వెళ్లి చూడండి. అందరూ పొరబడేది ‘ఇన్‌సఫిషియెంట్ అడ్రస్’ దగ్గర. మన ఊళ్లో పాత పెంకుటిళ్లు, సొంతిళ్లు చాలావరకు డెవలప్‌మెంటుకు ఇచ్చేశారు. ఇల్లు పోయి అపార్టుమెంటు లేచింది. ఇంటి నంబరు పాతదే, ఫ్లాట్ నంబరు మాత్రం మీ దగ్గర లేదు. స్థలం ఓనర్లకు తమ వాటా ఫ్లాట్లు అక్కడే వస్తాయి కాబట్టి, ఇల్లు మారిపోయాడనుకున్న మీ స్నేహితుడు మూడో అంతస్తులోనే ఉండొచ్చు. వాచ్‌మన్‌ని ‘ఈ స్థలం ఎవరిది?’ అని అడగండి. అతను కొత్తవాడైతే వీధి చివర ఇస్త్రీ బండి అతన్ని అడగండి.

పాత ఆహ్వాన పత్రికల్లో ఏడంకెల ల్యాండ్‌లైన్లుంటే ముందు 2 చేర్చి, 040తో చేసి చూడండి. చాలావరకు మోగవు. మోగినచోట అమ్మో నాన్నో ఎత్తుతారు. అంతకంటే మంచి ఆధారం ఏముంటుంది?

ఇక గ్రూపులో ‘ఈ 22 మంది ఎవరికైనా తెలుసా?’ అని పెడితే రెండు దండాలు, ఒక పూల గుత్తి వస్తాయి. వారానికి ఒక్క పేరే పెట్టండి, గ్రూప్ ఫోటోలోంచి ఆ ముఖం కత్తిరించి మరీ. ‘ఇతని పక్కన ఎవరు కూర్చునేవారు? ట్యూషన్ ఎక్కడ? అన్నో చెల్లో మన స్కూల్లోనే చదివారా?’ అని అడగండి. తోబుట్టువుల ప్రశ్నే అసలు తాళంచెవి. మీకు దొరకని మనిషి చెల్లెలు 1990 బ్యాచ్ గ్రూపులో హాయిగా ఉండొచ్చు.

డాక్టర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు అయ్యారని తెలిస్తే వాళ్ల వృత్తి రిజిస్టర్లలో పేరుతో వెతకొచ్చు. ఆడవాళ్ల విషయంలో ఒక కిటుకు: ఆ రిజిస్టర్లలో చాలాసార్లు టెన్త్ మెమోలోని పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది, ఫేస్‌బుక్‌లో అత్తింటిదో భర్త పేరో ఉంటుంది. ఎక్కడ ఏ పేరుతో వెతకాలో మార్చుకోండి.

ప్రశ్న: ఎక్సెల్ షీటులో ఒకే మనిషి మూడు వరసల్లో ఉంటున్నారు. శ్రీనివాస్‌లు ముగ్గురిని ఒకరనుకుని కలిపేశాం. ఎలా సరిచేయాలి? (ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: పేరును గుర్తుగా వాడటమే మూలం. ప్రతి మనిషికీ ఒక శాశ్వత సంఖ్య ఇవ్వండి, 88-017 లాగా. మనిషి పోయినా ఆ సంఖ్య ఇంకొకరికి ఇవ్వొద్దు. ఆ గడిని, ఫోన్ గడిని ముందే ‘టెక్స్ట్’గా మార్చుకోండి. లేకపోతే 040లో మొదటి సున్నా ఎగిరిపోతుంది, 91తో మొదలయ్యే పన్నెండంకెల నంబరు మధ్యలో ‘ఈ’ అక్షరంతో వింతగా కనిపిస్తుంది. మెమోలో ఉన్న పేరు, ఇప్పటి పేరు, పిలుపు పేరు మూడు వేర్వేరు గడుల్లో రాయండి. ఇంటిపేరుకు ఇంకో గడి. ఇంగ్లీషులో లక్ష్మిని ఒకరు ‘కెఎస్‌హెచ్’తో, ఒకరు ‘ఎక్స్’తో రాస్తారు, ఎక్సెల్‌కు వాళ్లిద్దరూ వేరే మనుషులే.

పుట్టిన తేదీతో పోల్చుకుందామంటారా? మన బళ్లలో ఆ రోజుల్లో వయసు సరిపోవడానికి జూన్ ఒకటో, జూలై ఒకటో వేయించేసేవారు. ఒకే తేదీవాళ్లు తరగతికి అరడజనుమంది తేలుతారు. అందుకే రెండు వరసలు కలిపేముందు తండ్రి పేరూ, ఇంకో వివరం ఏదైనా ఒకటీ కలవాలి. అనుమానముంటే కలపొద్దు. రెండు వరసలున్నా నష్టం తక్కువ, ఇద్దరు మనుషుల్ని ఒకటి చేస్తే విడదీయడం నరకం.

పాత నంబరు చెరిపి కొత్తది రాసే అలవాటు మానుకోండి. పాతది పక్క గడిలోకి జరిపి, ‘ఎవరు చెప్పారు, ఎప్పుడు’ అని కొత్తదాని పక్కన రాయండి. ఆ రెండు గడులు లేని జాబితాలో ఏది నిజమో రెండేళ్ల తర్వాత ఎవరికీ తెలియదు. వదిలేసిన మొబైల్ నంబరును కంపెనీలు 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు కాబట్టి, మోగిందంటే మనవాళ్లదే అనుకోవద్దు. ‘మన క్లాస్ టీచరు ఎవరు?’ అని ఒక్కమాట అడిగితే తేలిపోతుంది. షీటులో మార్పులు చేసేది ఒక్కరే, మిగతావారు చూడటం వరకే.

ప్రశ్న: ఒకాయన పోయారని గ్రూపులో పెట్టాం. మర్నాడు ఆయనే ఫోన్ చేశారు! (ఒక పాఠకుడు, ఉప్పల్)

జవాబు: ‘విన్నాను’ అన్న మాట మీద పెట్టొద్దు. ఇద్దరు చెప్పాలి, అందులో ఒకరు ఇంటివారై ఉండాలి. నిజమేనని తేలాక కూడా వరస తీసేయకండి, ‘దివంగతులు’ అని గుర్తు పెట్టి, ఆ నంబరును సందేశాలు వెళ్లే జాబితాలోంచి ఆ రోజే తప్పించండి. చందా గుర్తుచేసే మెసేజ్ ఆయన భార్య ఫోనులో మోగడం కంటే ఘోరం లేదు.

ప్రశ్న: కష్టపడి ఒక క్లాస్‌మేట్‌ను కనుక్కున్నాం. నంబరు గ్రూపులో పెడితే ఆమెకు కోపం వచ్చింది. తప్పు మాదేనా? (ఒక పాఠకురాలు, మెహదీపట్నం)

జవాబు: మీదే. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం సంగతి అటుంచినా, ఎవరి నంబరునైనా వాళ్లను అడక్కుండా ఇవ్వకూడదు. దొరికినవారికి ‘ఫలానా వాళ్లు మీకోసం అడుగుతున్నారు, ఇదిగో వాళ్ల నంబరు, మీకు వీలైతే చేయండి’ అని ఒకే ఒక్క మెసేజ్ పంపి ఊరుకోండి. ఇంట్లో ఇంకెవరైనా ఫోనెత్తితే ‘స్కూలు సంఘం నుంచి’ అని మాత్రం చెప్పండి, కబుర్లు వద్దు. ఆధార్ నంబరు, పిల్లల వివరాలు మీ షీటులో అసలు ఉండకూడదు. ఆమె వద్దంటే ఫోను, అడ్రసు తీసేయండి. పేరు మాత్రం ఉంచి, పక్కన ‘సంప్రదించవద్దు’ అని తేదీతో రాయండి. పేరు కూడా చెరిపేస్తే, వచ్చే ఏడాది కొత్త కార్యదర్శి ఉత్సాహంగా మళ్లీ ఆమెనే వెతకడం మొదలుపెడతారు.