మహేంద్రగిరి నమూనాలను పాలోడుకు పంపే ముందు

మాస్టారు గారికి నమస్కారం. మహేంద్రగిరిపై సేకరించిన మొక్కల నమూనాలు ముసురుకు నల్లబడి బూజు పట్టాయనీ, వాటి జోడు ప్రతులను (అదే మొక్క నుంచి తీసిన అదనపు నమూనాలను) కేరళలోని పాలోడు ఉష్ణమండల ఉద్యానానికి మార్పిడిగా పంపవచ్చునా అనీ పర్లాకిమిడి నుంచి అడిగారు. పంపవచ్చు, అయితే ముందుగా అక్కడి హెర్బేరియం (ఎండిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోటు) బాధ్యులకు జాబితా రాసి, అంగీకారం పొందండి. బూజు పట్టినవాటిని మాత్రం నిర్దాక్షిణ్యంగా పక్కన పెట్టండి.

ఆకులోని తేమ త్వరగా బయటికి పోకపోవడమే నల్లబడడానికి ముఖ్య కారణం కనుక, మొదటి నాలుగైదు రోజులు నమూనాలను అదిమి ఆరబెట్టే కాగితాలను ఏ రోజుకారోజు మార్చాలి. చెంపకు ఆనించినప్పుడు ఆకు ఇంకా చల్లగా తగిలితే అది ఎండనట్టే. స్పిరిట్‌లో తడిపి బూజును ఆపే పాత పద్ధతి ఉంది గాని, అది డీఎన్ఏను పాడుచేస్తుంది. అందుచేత సేకరించిన రోజే చిన్న ఆకుముక్కను, తేమను పీల్చే సిలికా జెల్‌లో విడిగా దాచండి.

జోడు ప్రతులను అట్టకు అతికించకుండా, పాత పత్రికల మడతల్లోనే పంపడం వాడుక. రెండు ప్రతులకూ ఒకే సేకరణ సంఖ్య ఉండాలి. ఎండితే పూల రంగు వెలిసిపోతుంది కనుక, దాన్ని కొండమీదే చీటీపై రాసుకోండి (నేను ఇంటికొచ్చి రాద్దామనుకుని మోసపోయినవాణ్ణే).

విదేశీ ఉద్యానాలకు పంపదలిస్తే 2002 నాటి జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది. చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థను ముందే సంప్రదించండి.