టెన్నిస్ స్కాలర్‌షిప్‌ను నమ్ముకుని 401కే మీద లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మావారిది హెచ్-1బీ ఉద్యోగ వీసా, నేను భార్యగా వచ్చిన హెచ్-4 వీసా మీద, ఈఏడీ అనే పని అనుమతితో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. గుంటూరులో పుట్టిన మా పాప ఇప్పుడు పదో గ్రేడ్. కాలేజీ జట్టులో టెన్నిస్ ఆడాలని దాని పట్టుదల. కోచింగ్, టోర్నమెంట్లు, ప్రయాణాలు కలిపి నెలకు 2,200 డాలర్లు అవుతోంది. రోజంతా ప్రాక్టీస్ ఉండే ప్రోగ్రాంలో చేర్చి, చదువు ఆన్‌లైన్‌కి మార్చమని అకాడమీ వాళ్లు అంటున్నారు. అప్పుడు నెలకు 3,800. మావారేమో పాప కాలేజీ చదువు కోసం దాచే 529 ఖాతాలో నెలనెలా వేసే 700 ఆపేసి, మిగతాది 401కే, అంటే ఆఫీసు రిటైర్మెంట్ ఖాతా మీద లోన్‌తో సర్దుదామంటున్నారు. స్కాలర్‌షిప్ వస్తే పెట్టినదంతా తిరిగొస్తుందట. ఇది పెట్టుబడేనా?

జవాబు: కాదండీ, ఖర్చు. సంగీతం క్లాసుకి కట్టినట్టే ఇదీ. పాపకి ఇష్టం, మీకు స్తోమత ఉంది, కడుతున్నారు. అందులో తప్పేమీ లేదు. పెట్టుబడి అనేసరికే చిక్కు, ఎందుకంటే ఆ పేరు చెప్పుకుని అప్పు కూడా చేసేస్తాం.

తిరిగొచ్చేది ఎంతో చూద్దాం. హైస్కూల్లో ఆడే పిల్లల్లో కాలేజీ స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ దొరికేది సుమారు 2 శాతం మందికేనని, కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థే చెబుతుంది. టెన్నిస్‌లో పోటీ ఇంకా గట్టిది, పైస్థాయి అయిన డివిజన్ 1 జట్ల నిండా వేరే దేశాల నుంచి వచ్చిన ఆటగాళ్లే. ఒకప్పుడు డివిజన్ 1 అమ్మాయిల జట్టుకు 8 పూర్తి స్కాలర్‌షిప్‌లు ఉండేవి, ఇస్తే మొత్తం ఇవ్వాల్సిందే. ఆటగాళ్లకి డబ్బు చెల్లించే విషయమై ఎన్‌సీఏఏ మీద నడిచిన హౌస్ కేసులో రాజీకి 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్నాక, ఆ ఒప్పందంలో చేరిన కాలేజీల్లో పాత లెక్క పోయింది. జట్టులో 10 మంది దాకా ఉండొచ్చు. ఎవరికి ఎంతన్నది కోచ్ చేతిలో ఉన్న బడ్జెట్‌ని బట్టి ఉంటుంది, ఒకరికి సగం, ఒకరికి పావు, ఒకరికి అసలు లేకపోవచ్చు. పైగా ఆ కాలేజీలు ఇప్పుడు ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచుతున్నాయి. అందులో పెద్ద ముక్క ఫుట్‌బాల్‌కే పోతుంది, టెన్నిస్ దాకా వచ్చేది తక్కువ.

నెలకు 3,800 చొప్పున పన్నెండో గ్రేడ్ అయ్యేదాకా ఇంకో 30 నెలలు అనుకుంటే లక్షా పద్నాలుగు వేల డాలర్లు. పావు వంతు స్కాలర్‌షిప్ వచ్చినా ఇది పూడదు.

రోజంతా ఆడాలని చెబుతున్నది ఆ ప్రోగ్రాం అమ్మేవాళ్లే. టానిక్ తాగాలని మందుల షాపు ఆయనే చెప్పినట్టుంది. ఆన్‌లైన్ చదువు విషయంలో నా భయం వేరే ఉంది. డివిజన్ 1లో ఆడాలంటే ఎన్‌సీఏఏ గుర్తించిన 16 కోర్ కోర్సులు (ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ (గ్రేడ్ల సగటు) కావాలి. ఆ 16లో 10 కోర్సులు పన్నెండో గ్రేడ్ మొదలయ్యేలోపే అయిపోవాలి. ఆన్‌లైన్ కోర్సులన్నీ ఎన్‌సీఏఏ లెక్కలోకి వస్తాయనుకోకండి, కొన్ని రావు. చేరే ముందు ఆ స్కూలు పేరు ఎన్‌సీఏఏ జాబితాలో మీరే వెతికి చూడండి, అకాడమీ మాట నమ్మి వదిలేయకండి.

ఇంకో సంగతి, మన పిల్లలకి రాకెట్ కంటే మార్కుల వల్ల వచ్చే డబ్బే ఎక్కువ. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లోనూ, ఎన్‌సీఏఏలో కింది స్థాయి అయిన డివిజన్ 3లోనూ స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ అసలు లేదు. అయినా అక్కడి కోచ్‌లు తమకి కావలసిన పిల్లల కోసం అడ్మిషన్ ఆఫీసులో మాట సాయం చేస్తారు. డివిజన్ 3 కాలేజీలు చాలావాటిలో మార్కులు చూసి ఇచ్చే సాయం బాగానే ఉంటుంది. మీకు ఇది మరీ ముఖ్యం. పాప హెచ్-4 మీద ఉంది కాబట్టి ఫెడరల్ గ్రాంట్లు, లోన్లు రావు. వస్తే కాలేజీ సొంతంగా ఇచ్చేదే రావాలి. గ్రీన్‌కార్డు ఈలోపు రాకపోతే 21 నిండగానే, అంటే కాలేజీ మధ్యలో, ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాల్సి ఉంటుంది. బ్రాండ్లకి ప్రకటనలు చేసి సంపాదించుకోవచ్చని అకాడమీలో ఎవరైనా ఊరిస్తే, ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఆ సంపాదన పని కిందకి వస్తే వీసాకే ముప్పు.

401కే లోన్ మాత్రం వద్దే వద్దు. ‘మావారి ఉద్యోగం బాగుంది కదా’ అంటారు మీరు. బాగున్నంతకాలం సరే. లేఆఫ్ అయితే హెచ్-1బీ వాళ్లకి సాధారణంగా 60 రోజులే గడువు. అదే సమయంలో లోన్ బాకీ కూడా మెడకు చుట్టుకుంటుంది. ఆ ఏడాది పన్ను రిటర్న్ గడువులోగా బాకీ మొత్తాన్ని సర్దకపోతే దాన్ని ఆదాయంగా లెక్కేసి పన్ను వేస్తారు, 59½ ఏళ్ల లోపు వాళ్లకి సాధారణంగా ఇంకో 10 శాతం పెనాల్టీ. ఉద్యోగమూ వీసా టెన్షనూ ఒకేసారి వచ్చి పడ్డప్పుడు ఆ బిల్లు ఎవరికి కావాలి?

529 కూడా ఆపకండి. ఆ డబ్బు అకాడమీ ఫీజుకి తీస్తే లాభం మీద పన్నూ పెనాల్టీ రెండూ పడతాయి. మీవారు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు, స్కాలర్‌షిప్ వస్తే ఇదంతా వృథా కదా అని. కాదు. స్కాలర్‌షిప్ ఎంత వస్తే అంత మేరకు పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు, లాభం మీద పన్ను మాత్రం కట్టాలి. ఖాతాకి 15 ఏళ్లు నిండితే 35,000 డాలర్ల దాకా, ఏడాదికింత అన్న పరిమితితో, పాప పేరిట రోత్ ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతాకి మార్చే వీలూ ఉంది. అయితే ఆ ఏడాది పాపకి సొంత సంపాదన ఉండాలి.

కాబట్టి నేనైతే 2,200 దగ్గరే ఆగుతాను, అది కూడా నెల జీతంలోంచి. పెద్ద టోర్నమెంట్ వస్తే ఆ నెల ప్రైవేట్ క్లాసులు రెండు తగ్గించండి. పదో గ్రేడ్ అయ్యాక జూన్ 15 నుంచి డివిజన్ 1 కోచ్‌లు టెన్నిస్ ఆడే పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చు. ఈలోపు పాప యూటీఆర్ (ఆట స్థాయిని చెప్పే రేటింగ్), మార్కులు, ఒక మ్యాచ్ వీడియో పెట్టి పాతిక ముప్ఫై కాలేజీలకి, డివిజన్ 3 కూడా కలిపి, ఈమెయిల్ రాయించండి. తనే రాయాలి, మీరు కాదు. కోచ్‌లకి తేడా తెలిసిపోతుంది.

జులై వచ్చేసరికి ఎవరు జవాబిచ్చారో, ఏ కాలేజీ ఎంత ఇవ్వగలనందో మీ చేతిలో ఉంటుంది. 3,800 ప్రోగ్రాం సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.